ముక్కెత్తిన పికప్

ఆ రోజు పొద్దున కొలతలాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అలమరాలు బండికి ఎక్కించాలి, లైబ్రరీకి తీసుకెళ్ళాలి, కింది హాల్లో గోడలకు బిగించాలి, ముఖ్య అతిథి వచ్చి రిబ్బన్ కత్తిరించేలోగా బండితో సహా బయటపడి ఇంటికొచ్చి అన్నం తినాలి. ఆయన వృత్తి వడ్రంగం. నడుముకు టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ కాబట్టి చుట్టుపక్కల అందరికీ ఆయన కొలతలాయనే. ఒకసారి కొయ్యాలంటే రెండుసార్లు కొలవాలన్నది ఆయన సిద్ధాంతం. మూడోసారి కొలవడం సరదా.

ఈ అలమరాల మీద ఆయన పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళుగా ఆయన గడప తొక్కిన పనల్లా కుంటి కుర్చీకి కాలు, బిగుసుకుపోయిన తలుపుకి చిత్రిక, విరిగిన మంచానికి పట్టీ. మంచి చెక్క కనిపిస్తే ప్రాణం లేచొచ్చే మనిషికి అతుకుల పనితోనే సగం జీవితం గడిచిపోయింది. ఇలా ఉండగా లైబ్రేరియన్ గారు, భవనం కింద ఉన్న పాత కార్ల షెడ్డును పిల్లలు చదువుకునే హాలుగా మారుస్తూ, దానికి అలమరాలు చెయ్యమని ఆయన్ని పిలిచారు. పని సవ్యంగా, వేళకు జరిగితే మిగతా శాఖల అలమరాలు కూడా ఆయన్నే చెయ్యమంటానన్నారు. ఆవిడ మాటల్లో పొదుపు మనిషి, అన్నారంటే అన్నట్టే. జరగకపోతే ఏమిటన్నది ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు. చిత్రిక పడుతున్నంతసేపూ మాత్రం అదే ఆయన మనసులో తిరుగుతూ ఉండేది.

హాలుకు మెట్ల దారి ఉంది గానీ అలమరాలు అందులో పట్టవు. వెనకటికి కార్లు దిగిన వాలుదారే గతి. ఆ వాలు కింద, హాల్లోకి అడుగుపెట్టే చోట, అడ్డంగా ఒక కాంక్రీటు దూలం ఉంది. ముందు వారమే కొలతలాయన వెళ్ళి దూలం ఎత్తు కొలిచాడు. ఆ తర్వాత తన పికప్ ఎత్తు కొలిచాడు. బండి వెనక తొట్టి మీద తాళ్ళు కట్టుకోవడానికి ఇనుప చట్రం ఒకటి ఉంది, బండి మొత్తంలో ఎత్తయినది అదే. దూలానికీ చట్రానికీ మధ్య రెండు వేళ్ళ సందు తేలింది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ రెండు వేళ్ళే. నిశ్చింతగా ఇంటికొచ్చి పాలిష్ పని మొదలుపెట్టాడు.

అక్కడితో ఆగితే బాగుండేది గానీ ఆయనకో బావమరిది ఉన్నాడు. భార్యకు సొంత తమ్ముడు, వృత్తి వెల్డింగ్. బండి మీది చట్రం అతను అతికిందే. అతను అతికిన ఇనుమూ ఊడదు, ఇచ్చిన సలహా కూడా ఊడదు. పాలిష్ నడుస్తున్న రోజుల్లో వచ్చి, అలమరాల్ని అలా అలా చూసి, బండి చుట్టూ మాత్రం రెండుసార్లు తిరిగి, ముందుభాగం దగ్గర నిలబడి పెదవి విరిచాడు. బరువులు మోసే బండి గనక పికప్‌కు వెనక ఎత్తు, ముందు పల్లం ఉండేలా తయారీలోనే పెడతారు. వెనక బరువు పడ్డాక రెండూ సమానమవుతాయి. ఈ సంగతి అతనికి తెలియక కాదు.

"బావా, ఇన్నాళ్ళూ కుర్చీ కాళ్ళకి తిరిగావు, సరిపోయింది. ఇప్పుడు వెళ్ళేది పెద్ద పనికి. నీ బండి చూడు, ఎక్కడ ఆగినా తల వంచుకునే నిలబడుతుంది. పనిప్పించమని బతిమాలుతున్నట్టు లేదూ?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. విన్నవాడు ఆ రోజంతా రంపం పక్కన పెట్టి బండి వంకే చూశాడు. చూసినకొద్దీ దాని తల ఇంకా కిందికి వాలుతున్నట్టే కనిపించింది.

ఆ జబ్బుకు మందు లెవెలింగ్ కిట్. ముందు స్ప్రింగుల మీద ఇనుప దిమ్మలు బిగిస్తే ముక్కు లేచి వెనకతో సమానమవుతుంది. ముక్కు లేచాక పాత టైర్లు పెద్దాయన వేసుకున్న పిల్లల చెప్పుల్లా ఉంటాయి కాబట్టి పెద్ద టైర్లు వెయ్యాలి. పెద్ద టైర్లు వేశాక స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటాయి కాబట్టి మడ్‌గార్డు అంచు కొయ్యాలి. టైర్ల షాపు ఆయన ఇవన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పాడు. అంచు కొంత కోసి, మిగతాది బావమరిది ఇంట్లో కోసుకుంటానంటే సరేనని, అందాకా ఎడమకు మొత్తం తిప్పొద్దని కూడా హెచ్చరించాడు. దేన్నైనా కొలిచిగానీ ఒప్పుకోని కొలతలాయన, ఆ రోజు మాత్రం దేన్నీ కొలవకుండా తలూపాడు. మనిషికి మురిపెం ముంచుకొస్తే టేపు నడుముకే ఉండిపోతుంది.

ఆయన భార్య ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. "బండి కనబడటానికా, మోయడానికా?" అని అడిగింది.

"రెండిటికీ."

"పోనీ అలమరాలు దించి వచ్చాక వేయించుకోకూడదా?"

దీనికి ఆయన దగ్గర జవాబు ఉంది. ఆ అలమరాలతో వెళ్ళే రోజునే బండి తలెత్తుకుని వెళ్ళాలి. పైకి అంటే నవ్వుతుందని అనలేదు. కొత్త టైర్ల మీద బండి ఇంటికొచ్చాక ఆవిడకు ఎక్కడానికి కాలందలేదు. ఆయన మిగిలిపోయిన చెక్కలతో ఒక పీట చేసి ఇచ్చి, అదొక సౌకర్యమన్నట్టు చూపించాడు. ఆవిడ పీట వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, పీటను బండిలో పెట్టింది.

ఇక ఆ పొద్దున అలమరాలు పడుకోబెట్టి ఎక్కించగానే వెనక భాగం కుంగి, అసలే లేచి ఉన్న ముక్కు ఇంకా లేచింది. తల వంచుకున్న బండి ఇప్పుడు ఆకాశంలో ఎవరినో వెతుకుతున్నట్టుంది. బరువు దిగితే అదే సర్దుకుంటుందని బావమరిది ధైర్యం చెప్పాడు. భార్యతో సహా ముగ్గురూ బయల్దేరారు. ఎడమకు మొత్తం తిప్పకూడదు గనక, ఇరుకు సందుల దగ్గర ఎడమకు తిరగాల్సినప్పుడల్లా మూడుసార్లు కుడికి తిరిగి అదే పని సాధించారు. మందుల షాపు ముందు నుంచి రెండోసారి వెళ్తుంటే షాపతను జాలిపడి బయటికొచ్చి దారి చెప్పబోయాడు. కొలతలాయన తెలుసన్నట్టు చెయ్యూపి, మళ్ళీ కుడికే తిప్పాడు.

లైబ్రరీలో అంతా నల్లేరు మీద బండి నడకలా సాగింది. పికప్ వాలు దిగి, దూలం కింద నుంచి హాల్లోకి వెళ్ళింది. ఎవరూ తలెత్తి చూడలేదు, కొలిచిందే కదా అని. అలమరాలు దించారు, గోడలకు బిగించారు. సిబ్బంది పుస్తకాలు తెచ్చి సర్దారు. నున్నగా మెరుస్తున్న చెక్క మీద రంగురంగుల పుస్తకాలు వరసగా నిలబడితే కొలతలాయన రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తన చేతులతో ఇంత పెద్ద వస్తువు చేస్తానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కాసేపు అలాగే నిలబడి, కళ్ళు తుడుచుకుని, ఇక బండి తీద్దామని ఎక్కాడు.

వెనక్కి తీస్తుంటే ఠంగుమంది.

భార్య కిందే నిలబడి ఉంది. "ఆగండి. పైన తగులుతోంది" అంది. ఆయన దిగి, టేపు లాగి చూశాడు. చట్రం దూలం కంటే రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. మళ్ళీ కొలిచాడు. అప్పుడు సంగతి మొత్తం ఒక్కసారే అర్థమై చెవులు వేడెక్కాయి. దూలాన్ని కొలిచాడు, బండిని కొలిచాడు. ఆ తర్వాత బండిని పెంచాడు. పొద్దున అలమరాల బరువుకు వెనక భాగం కుంగి ఉండబట్టి లోపలికి దూరింది. ఇప్పుడు బరువు దిగి, బావమరిది చెప్పినట్టే, చక్కగా సర్దుకుని నిలబడింది. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదుకునే దారి ఉంటుంది గానీ దీనికి అదీ లేదు.

ఇంకాసేపట్లో ముఖ్య అతిథి వస్తాడు. పిల్లల హాలు నడిమధ్యలో ఆంబోతులా పికప్ ఉంటుంది. ఇక మిగతా శాఖల మాట ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది?

బావమరిది వెంటనే గ్యాస్ కట్టర్ తెచ్చి చట్రం కోసేస్తానన్నాడు. అప్పుడే కిందికొచ్చిన లైబ్రేరియన్ గారు అలమరాల్లోని కొత్త పుస్తకాలను చూసి, తర్వాత అతన్ని చూశారు. అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. పుస్తకాలనే బండికెక్కించి బరువు పెంచితే ఎలా ఉంటుందని కొలతలాయన భయంభయంగా అడిగాడు. సభ్యుడికి ఒకసారికి రెండు పుస్తకాలేనని ఆవిడ చెప్పారు. అడిగేవరకు రాలేదు గానీ, ఆయన సభ్యుడు కూడా కాదు.

టైర్లలో గాలి తీసెయ్యమని వాచ్‌మన్ సలహా ఇచ్చాడు. అది బాగానే ఉందనిపించి తీశారు. కొత్త టైర్లు, మందమెక్కువ, అంత తొందరగా లొంగలేదు. ఒక వేలు మేరకు కుంగి అక్కడే బిర్ర బిగుసుకున్నాయి. ఇంకా తీస్తే రిమ్ముల మీద నడవాలి. ఇంకో వేలు మిగిలింది. గాలి మళ్ళీ పట్టించే పంపు ఇంట్లో ఉందని అప్పుడు గుర్తొచ్చి, దాన్ని తీసుకురావడానికి బావమరిది బయల్దేరాడు. ఇంతసేపటికి అతను చేసిన పనుల్లో అందరికీ నచ్చింది అదే.

వాచ్‌మన్ పైకెళ్ళి తను చూసింది చూసినట్టు చెప్పాడు. హాల్లో ఎవరిదో బండి అడ్డంగా ఉంది, దాని టైర్లలో గాలి కావాలనే తీసేశారు. రెండూ నిజాలే. వాటిని కలిపి చదువుకున్నది పైనున్న పాఠకులు. రోజూ పేపర్ల కోసం పొద్దున్నే వచ్చే రిటైరైన పెద్దమనుషులు వాళ్ళు. కార్ల షెడ్డు తీసి పిల్లల హాలు చెయ్యడం కార్లున్నవాళ్ళు కొందరికి మొదటినుంచీ ఇష్టం లేదు. ఇదిగో, ప్రారంభం రోజునే బండి తెచ్చి పెట్టి, కదలకుండా గాలి తీసి కూర్చున్నారన్నమాట. లోకంలోని అన్యాయాలన్నీ ఏళ్ళ తరబడి చదివి తల ఆడించిన మనుషులకు, అన్యాయం తమ కిందే, ఒక్క అంతస్తు దూరంలో దొరికింది. పేపర్లు చంకన పెట్టుకుని మెట్లు దిగారు.

దిగినవాళ్ళు ఎవరితోనూ గొడవపడలేదు, చదువుకున్నవాళ్ళు కదా. అందరిలో పెద్దాయన, వెనకటి గణితం మాస్టారు, బండి ముందు నిలబడి నెమ్మదిగా ప్రకటించాడు. "ఈ బండి ఇక్కణ్ణించి కదలాలి. కదిలేదాకా మేం ఇందులోంచి దిగం."

కొలతలాయన తాను కోరేదీ అదేనని చెప్పబోయాడు. వినే ఓపిక వాళ్ళకు లేదు. బండి పక్కన పీట కనిపించింది, దాని మీద కాలు పెట్టి ఒక్కొక్కరే తొట్టిలోకి ఎక్కి, వరసగా కూర్చుని, పేపర్లు విప్పారు. లైబ్రేరియన్ గారు వాళ్ళను మందలించడానికి నోరు తెరిచారు.

"ఉండండి మేడం, దింపకండి" అంది కొలతలాయన భార్య. ఆవిడ ఎవరి మొహమూ చూడటం లేదు, దూలాన్నే చూస్తోంది. "వాళ్ళెక్కుతుంటే దిగుతోంది."

నిజమే. పెద్దమనుషుల బరువుకు తొట్టి కుంగుతోంది. లైబ్రేరియన్ గారు ఒక్క క్షణం ఆలోచించి, మెట్ల దగ్గరికి వెళ్ళి, పైన ఇంకా ఎవరైనా పాఠకులున్నారా అని అడిగారు. మరో ఇద్దరు దిగివచ్చారు. వాళ్ళూ ఎక్కారు. కొలతలాయన టేపు పెట్టి చూశాడు. ఇంకా అర వేలు కావాలి. వాచ్‌మన్ ఎక్కాడు, మనిషి సన్నం, అతని బరువు టేపుకి అందలేదు.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వచ్చాడు. కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన ఆయన మంచి నిండైన విగ్రహం. రిబ్బన్ వాలుదారి పైన కట్టి ఉంటే, దాని కింద నుంచి వంగి, ముందుగా హాలు చూద్దామని తనే దిగివచ్చాడు. ఆయనకు కనిపించింది ఇది: ఒక ఎత్తయిన బండి, దాని నిండా చేతుల్లో పేపర్లు పట్టుకున్న పెద్దమనుషులు, కింద చేతులు కట్టుకున్న లైబ్రేరియన్. ఆయన ఆగిపోయాడు. కొలతలాయనకు తన శాఖలన్నీ ఒక్కొక్కటే చేజారిపోతున్నట్టు అనిపించింది.

ఆయన భార్య మాత్రం అతిథిని పైనుంచి కిందికి ఒకసారి, బియ్యం బస్తా చూసినట్టు చూసింది. పీట సరిచేసి, "ఎక్కండి సర్. మీ కోసమే ఆగాం" అంది.

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతిథి మొహం విప్పారింది. ఎన్నో ప్రారంభోత్సవాలకు వెళ్ళాడు, పూలగుత్తి చేతిలో పెట్టి మూల కుర్చీ చూపించేవాళ్ళే అంతటా. చదువరులే స్వయంగా బండి తెచ్చి ఊరేగించడం ఇదే మొదలు. ఆయన పీట మీద అడుగేసి తొట్టిలో వెనకంచు మీద కూర్చున్నాడు. బండి హుందాగా కుంగింది. కొలతలాయన టేపు పెట్టాడు, మళ్ళీ పెట్టాడు, తర్వాత పరుగున వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

పికప్ నెమ్మదిగా వెనక్కి కదిలింది. దూలం కింద చట్రం కాగితం మందం సందుతో జారి, మెత్తబడ్డ టైర్ల మీద వాలు ఎక్కింది. పైన కట్టిన రిబ్బన్ సరిగ్గా అతిథి ఛాతీ దగ్గరికి వచ్చి ఆగింది. పక్కనే నడుస్తున్న లైబ్రేరియన్ గారు కత్తెర అందించారు. ఆయన కత్తిరించాడు. బండి కదిలినందుకు పాఠకులు చప్పట్లు కొట్టారు. హాలు తెరిచినందుకు వీధిలో నిలబడ్డ పిల్లలు కొట్టారు. అందరూ తనకే కొడుతున్నారని అతిథి లేచి నిలబడి నమస్కరించాడు.

ఆయన అక్కడినుంచే ప్రసంగించాడు. ఈ బండి మామూలు బండి కాదన్నాడు. ఇంత ఎత్తున కూర్చుని చూస్తే ఊరు కొత్తగా కనిపిస్తోందన్నాడు. దీని టైర్లను పొగిడాడు, చట్రాన్ని పొగిడాడు, ముందుకు చూస్తున్న దాని ముక్కులో చదువు చూపే మార్గం కనిపించిందన్నాడు. అలమరాల మాట మచ్చుకైనా ఎత్తలేదు. కొలతలాయన స్టీరింగు పట్టుకుని అంతా విన్నాడు. బండి గొప్పగా కనబడాలని ఆయనే కోరుకున్నాడు, కనబడింది. మనసు మాత్రం చివుక్కుమంది. రోజుల తరబడి చెక్కను అరచేత్తో తడిమి తడిమి నునుపు చేసిన మనిషి ఆయన.

సిబ్బంది అతిథిని వెంటబెట్టుకుని హాల్లోకి వెళ్ళి వచ్చాక, లైబ్రేరియన్ గారు కొలతలాయన్ని లోపలికి పిలిచారు. చివాట్లకు సిద్ధపడి వెళ్ళాడు. అప్పటికే పిల్లలు అలమరాల చుట్టూ చేరిపోయారు. ఆవిడ ఒక అలమర అంచు మీద వేలు పెట్టి మూల దాకా నడిపించారు.

"మూలలు గుండ్రంగా తియ్యమని నేను చెప్పలేదు."

"పిల్లలు పరిగెడతారు కదండీ" అన్నాడు. "తల తగులుతుందని..."

అప్పుడే ఒక పిల్ల పుస్తకం పట్టుకుని తిరుగుతూ ఆ మూలకే నుదురు తగిలించుకుని, ఏమీ జరగనట్టు పక్కకెళ్ళిపోయింది.

"మిగతా శాఖలవి కూడా మీరే చెయ్యండి" అన్నారు ఆవిడ. "అన్నీ ఇలాగే ఉండాలి. తీసుకురావడానికి మాత్రం మా వ్యాన్ పంపిస్తాం."

నమస్కారం పెట్టి, బయటికి వచ్చేదాకా తన కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో ఆయనకు తెలియలేదు. భార్య బండి దగ్గర నిలబడి ఉంది. బావమరిది పంపు తెచ్చి అప్పటికే టైర్లన్నిటికీ గాలి పట్టించాడు.

"ఏమన్నారు?" అంది ఆవిడ.

"పని మొత్తం మనకే ఇచ్చారు." ఆయన టైరు మీద చెయ్యేశాడు. "బండికి మాత్రం ఇవ్వలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ వెంటనే నవ్వేసింది. బండికి ఇవ్వకపోవడమే ఆవిడకు ఎక్కువ నచ్చినట్టుంది. ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. ఆయన తాళం తిప్పి, ఎందుకైనా మంచిదని అద్దంలో చూశాడు. తొట్టిలో పెద్దమనుషులు వరసగా అలాగే కూర్చుని ఉన్నారు. కొలతలాయన దిగి వెనక్కి వెళ్ళి, బండి కదిలింది గదా, ఇక దిగుతారా అని వినయంగా అడిగాడు.

గణితం మాస్టారు పేపరు కాస్త కిందికి దించాడు. పైన చెట్టు నీడ బాగుంది, గాలి ఇంకా బాగుంది. బండి కదిలేదాకా దిగమని ఎక్కిన ఆ పెద్దమనుషులు, సంపాదకీయం పూర్తయ్యేదాకా బండి కదలడానికి వీల్లేదన్నారు.